కవరు లోపల కవరు: ఒక కౌంటీ కమిషనర్ చేతిలో ఏముంటుంది?

2024 నవంబర్ మధ్యలో, అమెరికా అధ్యక్షుడెవరో లోకమంతా తెలిసిపోయి వారం దాటాక, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని నోరిస్‌టౌన్‌లో ముగ్గురు ఒక కవరు గురించి అరగంట సేపు తర్జనభర్జన పడ్డారు. కొన్ని ప్రొవిజనల్ ఓట్లకు, అంటే ఓటరు అర్హత తేలేదాకా విడిగా పెట్టే ఓట్లకు, పై కవరు ఉంది, లోపల ఉండాల్సిన రెండో కవరు లేదు. వాటిని లెక్కపెట్టాలా, పక్కన పెట్టాలా? ముగ్గురిలో ఇద్దరు డెమొక్రాట్లు, ఒకరు రిపబ్లికన్. పార్టీని బట్టి చూస్తే ఏం తేలుతుందో ముందే చెప్పేయొచ్చనిపిస్తుంది. తీరా జరిగింది వేరు. లెక్కించాల్సిందేనన్న నీల్ మఖీజా ఒంటరిగా మిగిలారు. పోలింగ్ సిబ్బంది చూసుకోకపోవడం వల్ల జరిగిన పొరపాటుకు ఓటరు తన హక్కు ఎందుకు పోగొట్టుకోవాలన్నది ఆయన వాదన. ఆయన పార్టీకే చెందిన జమీలా విండర్, రిపబ్లికన్ టామ్ డిబెల్లో మాత్రం, చట్టంలో సందేహానికి తావు లేదన్న కౌంటీ లాయరు మాటకే కట్టుబడ్డారు. ఆ ఓట్లు లెక్కలోకి రాలేదు.

ఆ ముగ్గురూ మాంట్‌గొమరీ కౌంటీ కమిషనర్లు. కమిషనర్ అనగానే మనకు పోలీస్ కమిషనరో, మున్సిపల్ కమిషనరో గుర్తొస్తారు. అంటే పరీక్ష రాసి ఉద్యోగంలోకి వచ్చిన అధికారి, బదిలీ అయ్యేవాడు. అమెరికాలో కౌంటీ కమిషనర్ అలా కాదు. జనం ఓటేసి నాలుగేళ్లకు ఎన్నుకునే రాజకీయ నాయకుడు. మన జిల్లా పరిషత్ చైర్మన్ పదవికీ, కలెక్టర్ కుర్చీకీ ఉన్న పనులు కొన్ని కలిపి, ముగ్గురికి పంచిపెడితే ఎలా ఉంటుందో కాస్త అలా ఉంటుంది. మొత్తం 67 కౌంటీలున్న పెన్సిల్వేనియాలో ఎక్కువ చోట్ల ఇదే పద్ధతి. టెక్సస్‌లో అయితే వేరేగా ఉంటుంది, ఇంకో రాష్ట్రంలో ఇంకోలా. అందుకే అమెరికా కౌంటీ పాలన గురించి ఒక్క మాటలో చెప్పేవాళ్లను నమ్మకపోవడమే మంచిది.

ఇంకో చిక్కు పేరుతో. మాంట్‌గొమరీ కౌంటీ అంటే అమెరికాలోని తెలుగువాళ్లలో చాలామందికి వాషింగ్టన్ పక్కనున్న మేరీలాండ్ కౌంటీ తడుతుంది. హైదరాబాద్‌లో పుట్టిన కాట్రగడ్డ అరుణ, అదే అరుణా మిల్లర్, ఇంజనీరుగా పనిచేసిందీ, శాసనసభకు గెలిచిందీ అక్కడి నుంచే. తర్వాత ఆమె ఆ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. ఇప్పుడు మాట్లాడుకునేది అది కాదు, ఫిలడెల్ఫియా నగరాన్ని ఆనుకుని వాయవ్యంగా ఉన్న మాంట్‌గొమరీ. స్థానికులు ముద్దుగా మాంట్‌కో అంటారు. 1784లో ఫిలడెల్ఫియా కౌంటీ నుంచి విడిపోయింది. 2020 జనగణన ప్రకారం జనాభా 8.56 లక్షలు, రాష్ట్రంలో ఫిలడెల్ఫియా, ఆలిగనీల తర్వాత మూడో స్థానం. స్వాతంత్ర్య యుద్ధంలో జార్జి వాషింగ్టన్ సైన్యం చలికాలం గడిపిన వ్యాలీ ఫోర్జ్ ఇక్కడిదే. కింగ్ ఆఫ్ ప్రష్యా మాల్ కూడా ఇక్కడిదే. మెర్క్ మందుల కంపెనీకి వెస్ట్ పాయింట్‌లో ఉన్న పెద్ద ప్రాంగణం, దాని చుట్టూ అల్లుకున్న ఫార్మా, ఐటీ ఉద్యోగాల వల్ల లాన్స్‌డేల్, నార్త్ వేల్స్, కాలేజ్‌విల్ వైపు తెలుగు కుటుంబాలు గట్టిగానే స్థిరపడ్డాయి.

అధ్యక్ష ఎన్నికల్లో ఈ కౌంటీ బరువు తెలియాలంటే ఒక్క లెక్క చాలు. 2020లో పెన్సిల్వేనియా మొత్తం మీద జో బైడెన్‌కు వచ్చిన ఆధిక్యం సుమారు 80 వేల ఓట్లు. ఒక్క మాంట్‌గొమరీలోనే ఆయన ఆధిక్యం 1.3 లక్షలు దాటింది. అలాంటి చోట ఏ ఓటు చెల్లుతుంది, ఏది చెల్లదు అని తేల్చే బోర్డులో కూర్చోవడం చిన్న విషయం కాదు. విచిత్రం ఏమిటంటే, ఆ కౌంటీలో ఉంటున్నవాళ్లలో కూడా చాలామందికి తమ కమిషనర్ల పేర్లు తెలియవు.

మఖీజా పెరిగింది మాంట్‌గొమరీలో కాదు. దానికి ఉత్తరాన, కొండల్లో ఉన్న కార్బన్ కౌంటీలో. పేరులోనే బొగ్గు ఉంది. బొగ్గు గనులతో వెలిగి, గనులు పోయాక చిక్కిపోయిన ప్రాంతం అది. జనాభా 65 వేల దరిదాపుల్లో. భారత్ నుంచి వలస వచ్చిన తల్లిదండ్రులతో అలాంటి చోట పెరిగిన పిల్లాడు న్యూజెర్సీ ఎడిసన్‌లోనో, కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లోనో పెరిగిన పిల్లాడిలా ఉండడు. చుట్టూ మనవాళ్లు ఉండరు. గుడి పక్కన, బడి పక్కన సొంత భాష వినపడదు. ఓటు అడగాలంటే తనలా లేనివాళ్లనే అడగాలి. ఆయన సారా లారెన్స్ కాలేజీలో డిగ్రీ, హార్వర్డ్‌లో లా చదివి, 2016లో సొంత ఊరికి వెళ్లి రాష్ట్ర ప్రతినిధుల సభకు డెమొక్రాట్‌గా పోటీ చేశారు. డొనాల్డ్ ట్రంప్ గాలి పెన్సిల్వేనియా బొగ్గు ఊళ్లను ఊపేసిన సంవత్సరం అది. అప్పటికే సభ్యుడిగా ఉన్న రిపబ్లికన్ డోయల్ హెఫ్లీ చేతిలో ఓడిపోయారు.

ఆ ఓటమి తర్వాత ఆయన దారి మారింది. అభ్యర్థిగా కాకుండా, అభ్యర్థుల్ని తయారుచేసే పనిలోకి వెళ్లారు. ఇండియన్ అమెరికన్ ఇంపాక్ట్ అనే సంస్థకు సారథ్యం వహించారు. భారతీయ, దక్షిణాసియా మూలాలున్న అభ్యర్థులకు నిధులు, శిక్షణ ఇవ్వడం, ఆ సమాజాల ఓటర్లను పోలింగ్ కేంద్రం దాకా రప్పించడం దాని పని. మరోవైపు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎన్నికల చట్టం పాఠాలు చెప్పారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తర్వాత ఆయన చేసినవన్నీ అర్థమవుతాయి. ఓటరు ఇంటి గుమ్మం దగ్గర ఏం జరుగుతుందో ఒక ఉద్యోగం నేర్పింది. ఆ ఓటు కోర్టు గుమ్మం దగ్గర ఎలా చచ్చిపోతుందో ఇంకోటి నేర్పింది.

ఇక గెలుపు సంగతికి వస్తే, ముందు ఎన్నిక పద్ధతి చెప్పాలి, ఎందుకంటే అది మనకు కొత్త. 1874 నాటి పెన్సిల్వేనియా రాజ్యాంగం పెట్టిన నియమం ఇది: కౌంటీకి ముగ్గురు కమిషనర్లు, కానీ ఒక్కో ఓటరు ఇద్దరికే ఓటేయాలి. పార్టీలు కూడా ఇద్దరేసి అభ్యర్థుల్నే నిలబెడతాయి. నలుగురిలో మొదటి ముగ్గురు గెలుస్తారు. అంటే ఒక పార్టీ ఎంత ఊడ్చేసినా మూడో కుర్చీ అవతలివాళ్లదే. మన దగ్గర స్థానిక ఎన్నికల్లో ప్రతిపక్షానికి ఒక్క వార్డూ మిగలకుండా ఏకగ్రీవాలు చేసుకున్న చరిత్ర తెలిసినవాళ్లకు ఈ ఏర్పాటు ముచ్చటగా కనిపిస్తుంది. దీనికి ఇంకో వైపూ ఉంది. పెద్ద పార్టీ తరఫున ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థుల్ని ఓటర్లే ఎంచుకునే ముందస్తు ఎన్నిక, గెలిస్తే సీటు దాదాపు ఖాయం. అసలు పోరు నవంబర్‌లో కాకుండా మే నెల ప్రైమరీలోనే, చాలా తక్కువ మంది ఓటేసే రోజున ముగిసిపోతుంది.

2023లో మాంట్‌గొమరీలో ఆ పోరుకు ప్రత్యేకంగా తలుపులు తెరుచుకున్నాయి. ఈ బోర్డు కొంతకాలంగా పై పదవులకు నిచ్చెనలా మారింది. శతాబ్దానికి పైగా రిపబ్లికన్ల చేతిలో ఉన్న కౌంటీని 2011 ఎన్నికల్లో డెమొక్రాట్ల వైపు తిప్పిన జోష్ షపిరో ఇక్కడి నుంచే రాష్ట్ర అటార్నీ జనరల్, ఆ తర్వాత గవర్నర్ అయ్యారు. ఆయనతో పాటు గెలిచిన లెస్లీ రిచర్డ్స్ రాష్ట్ర రవాణా శాఖకు, అక్కడి నుంచి ఫిలడెల్ఫియా ప్రాంత ప్రజా రవాణా సంస్థ సెప్టాకు వెళ్లారు. రిచర్డ్స్ స్థానంలో వచ్చిన డాక్టర్ వాల్ ఆర్కూష్ 2023 జనవరిలో షపిరో మంత్రివర్గంలో మానవ సేవల శాఖకు మారారు. ఆ ఖాళీలోకి జమీలా విండర్ నియమితులయ్యారు, కౌంటీ చరిత్రలో తొలి నల్లజాతి మహిళా కమిషనర్‌గా. రెండో డెమొక్రాట్ కెన్ లారెన్స్ మళ్లీ పోటీ చేయనన్నారు. ఆ ఖాళీ అయిన చోటుకు డెమొక్రాట్లలో గట్టి పోటీ జరిగి, విండర్‌తో పాటు మఖీజా టికెట్టు గెలిచారు.

రిపబ్లికన్ల వైపు కథ ఇంకో రకంగా నడిచింది. 2020 జూన్‌లో బ్లాక్ లైవ్స్ మ్యాటర్ ఉద్యమాన్ని ద్వేష సంస్థ అంటూ ప్రకటన చేసి పెద్ద దుమారం లేపిన కమిషనర్ జో గేల్‌ను సొంత పార్టీ ఓటర్లే ప్రైమరీలో పక్కన పెట్టారు. నవంబర్‌లో విండర్, మఖీజా మొదటి రెండు స్థానాల్లో, డిబెల్లో మూడో స్థానంలో గెలిచారు. 2024 జనవరిలో మఖీజాతో ప్రమాణం చేయించింది అప్పటి ఉపాధ్యక్షురాలు కమలా హారిస్. ఒక కౌంటీ పదవికి ఉపాధ్యక్షురాలు ప్రమాణం చేయించడం మామూలు విషయం కాదు. పెన్సిల్వేనియాలో ఈ పదవికి గెలిచిన తొలి భారతీయ అమెరికన్ ఆయన. ఫొటోలు భారత పత్రికల్లోనూ వచ్చాయి. అసలు పని మాత్రం ఫొటోలు లేని చోట ఉంటుంది.

కమిషనర్ల పనుల చిట్టా చదివితే కొంచెం నిరాశగానే ఉంటుంది. కౌంటీ జైలు, అత్యవసర ఫోన్ కేంద్రం, ప్రజారోగ్య శాఖ, వృద్ధులకూ పిల్లలకూ మానసిక రోగులకూ అందే సేవలు, వంతెనలు, పార్కులు, నడక దారులు, ఆస్తుల విలువ కట్టడం. బళ్లు వీళ్ల చేతిలో లేవు, వాటికి వేరే బోర్డులున్నాయి. ఇళ్లు ఎక్కడ కట్టాలో, దుకాణం ఎక్కడ పెట్టాలో చెప్పే అధికారం లేదు. అది కౌంటీలోని 62 బరోలు, టౌన్‌షిప్‌లది, అంటే చిన్న పట్టణాల, ఊళ్ల స్థానిక ప్రభుత్వాలది. షెరీఫ్, డిస్ట్రిక్ట్ అటార్నీ (ప్రభుత్వ ప్రాసిక్యూటర్), కరోనర్ (అనుమానాస్పద మరణాల్ని విచారించే అధికారి) లాంటివాళ్లు విడిగా ఎన్నికై వస్తారు, వీళ్ల మాట వినాలనేం లేదు. 2013లో ఇదే కౌంటీలో వీలునామాల రిజిస్ట్రార్ డి. బ్రూస్ హేన్స్, రాష్ట్ర చట్టం ఒప్పుకోకపోయినా స్వలింగ జంటలకు పెళ్లి లైసెన్సులు ఇచ్చేశారు. కమిషనర్లను అడిగి కాదు, తన కుర్చీలో తాను కూర్చునే. ఇన్ని ముక్కలుగా చెదిరిన అధికారంలో కమిషనర్లకు పూర్తిగా దక్కిన పెద్ద ముక్క ఎన్నికల నిర్వహణ. వాళ్లు ముగ్గురే కౌంటీ ఎన్నికల బోర్డు. దానికి చైర్మన్ బాధ్యత మఖీజాకు దక్కింది.

మనకిది మింగుడుపడని విషయం. దేశమంతటికీ ఒక్క ఎన్నికల సంఘం, ఒకే నిబంధనల పుస్తకం, కలెక్టర్లే రిటర్నింగ్ అధికారులు, ఇదంతా చూసిన కళ్లకు పార్టీ గుర్తు మీద గెలిచిన ముగ్గురు రాజకీయ నాయకులు ఓట్లు లెక్కించడం ఏమిటనిపిస్తుంది. అమెరికాలో దీనికి జవాబు ఆ మూడో కుర్చీయే. అవతలి పార్టీ మనిషి ఎప్పుడూ గదిలో ఉంటాడు. సంపూర్ణమైన రక్షణ కాదు గానీ, పనికిరానిదీ కాదు.

పెన్సిల్వేనియాలో ఓటింగ్ ఎక్కడ ఇరుక్కుంటుందో తెలిస్తేనే మఖీజా ప్రాధాన్యాలు తెలుస్తాయి. 2019లో తెచ్చిన 77వ నంబరు చట్టంతో, కారణం చెప్పకుండానే ఎవరైనా పోస్టులో ఓటేసే వీలొచ్చింది. రిపబ్లికన్ల ఆధిపత్యం ఉన్న శాసనసభ ఆమోదించి, డెమొక్రాట్ గవర్నర్ టామ్ వుల్ఫ్ సంతకం చేసిన చట్టం. మరుసటి ఏడాదే కోవిడ్, అధ్యక్ష ఎన్నిక కలిసి వచ్చాయి. పోస్టు ఓట్లు వెల్లువెత్తాయి. చట్టం మాత్రం పోలింగ్ రోజు ఉదయం 7 గంటల దాకా ఆ కవర్లు తెరవడానికి వీల్లేదంటుంది. లెక్కింపు రోజుల తరబడి సాగడానికి, దాని మీద లేనిపోని అనుమానాలు పుట్టడానికి ఇదో పెద్ద కారణం. ఈ ఒక్క వాక్యాన్ని మార్చమని రెండు పార్టీల కౌంటీ అధికారులూ ఏళ్లుగా మొత్తుకుంటున్నారు.

తర్వాత కవర్లు. ఓటరు బ్యాలెట్‌ను ముందు గోప్యత కవరులో పెట్టాలి. దాన్ని బయటి కవరులో పెట్టి, బయట సంతకం చేసి, తేదీ వేయాలి. లోపలి కవరు మరిచిపోతే ఓటు పోయినట్టే, 2020లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. తేదీ వేయకపోయినా, తప్పు తేదీ వేసినా గొడవే. అసలు ఆ తేదీ దేనికి పనికొస్తుందో ఎవరూ సరిగా చెప్పలేరు. ఓటు గడువులోగా వచ్చిందో లేదో తేల్చేది కౌంటీ ఆఫీసులో దాన్ని స్కాన్ చేసిన సమయం. ఓటరు తొందరలో తేదీకి బదులు పుట్టినరోజు రాసినా, ఓటు సమయానికి చేరిందన్న సంగతి మారదు. అయినా ఆ ఒక్క గీత మీద రాష్ట్ర కోర్టుల్లో, ఫెడరల్ కోర్టుల్లో ఏళ్ల తరబడి కేసులు నడిచాయి.

తెలుగువాళ్లకు ఇది వింతగా అనిపించాల్సిన పనిలేదు. 2024 ఆంధ్రప్రదేశ్ ఎన్నికల లెక్కింపుకు ముందు వారం గుర్తు చేసుకుంటే చాలు. ఉద్యోగుల పోస్టల్ బ్యాలెట్లకు జతచేసే 13ఏ డిక్లరేషన్ మీద ధ్రువీకరించిన గెజిటెడ్ అధికారి సంతకం ఉండి, స్టాంపు, పేరు లేకపోతే ఆ ఓటు చెల్లుతుందా అన్న వాదన ముందు హైకోర్టుకు, లెక్కింపు ముందు రోజైన జూన్ 3న సుప్రీంకోర్టుకు వెళ్లింది. చెల్లుతుందన్న ఎన్నికల సంఘం మాటే చివరికి నిలిచింది. ఓటరు తప్పు, అధికారి తప్పు, కాగితం తప్పు, వీటిలో దేనికి ఓటు బలి కావాలన్న ప్రశ్న రెండు చోట్లా ఒక్కటే. తేడా ఏమిటంటే ఇక్కడ దానికి జవాబు చెప్పింది జాతీయ స్థాయి సంఘం. అక్కడ ఒక్కో కౌంటీలో ముగ్గురేసి మనుషులు తలో రకంగా చెప్పారు.

మఖీజా ఎన్నికల పనిని రెండుగా విడదీసి చూడొచ్చు. మొదటిది ఓటు తప్పు కాకముందే ఓటరు దగ్గరికి వెళ్లడం. రెండోది తప్పు జరిగాక ఓటును కాపాడటం. మొదటిదాంట్లో గెలిచారు, రెండోదాంట్లో ఎక్కువసార్లు చట్టం గోడకు తగిలారు.

మొదటి పనికి గుర్తు ఒక వ్యాన్. పెన్సిల్వేనియాలో పోలింగ్ రోజుకు ముందు యంత్రాల మీద ఓటేసే పద్ధతి లేదు. కానీ ఓటరు నేరుగా ఎన్నికల ఆఫీసుకు వెళ్లి, పోస్టు ఓటుకు దరఖాస్తు పెట్టి, అక్కడే బ్యాలెట్ తీసుకుని, నింపి, అక్కడే ఇచ్చేయొచ్చు. చట్టంలోని ఈ సందు చాలా కౌంటీల్లో ఒకే ఒక ఆఫీసు ముందు పెద్ద క్యూగా మారుతుంది. పక్కనున్న బక్స్ కౌంటీలో 2024 అక్టోబర్ చివర్లో ఆ క్యూల మీద ట్రంప్ ప్రచార బృందం కోర్టుకెళ్తే, జడ్జి గడువు పెంచాల్సి వచ్చింది. మాంట్‌గొమరీ ఆ ఆఫీసుకే చక్రాలు తగిలించింది. 2024 ఎన్నికలకు ముందు ఒక వ్యాన్ ఊరూరా తిరిగింది. ఓటరుగా నమోదు, దరఖాస్తు, బ్యాలెట్ తీసుకోవడం, ఇచ్చేయడం అన్నీ అందులోనే. మఖీజా దాన్ని ఐస్‌క్రీం బండితో పోల్చారు. పోలిక తేలికగా వినిపిస్తుంది గానీ వెనకున్న ఆలోచన తేలికైంది కాదు. కారు లేనివాళ్లు, రెండు షిఫ్టులు చేసేవాళ్లు, కౌంటీ కేంద్రమైన నోరిస్‌టౌన్ దాకా వచ్చి పార్కింగ్ వెతుక్కోలేనివాళ్లు ఓటుకు దూరమయ్యేది ఇష్టం లేక కాదు, దారి పొడవు వల్ల. కొత్త చట్టం అక్కర్లేదు, ఎవరి హక్కూ తగ్గదు. ఒక కమిషనర్‌కు ఉన్న అధికారం సరిగ్గా ఇంత, దాన్ని పూర్తిగా వాడుకోవడం అంటే ఇదే.

రెండో పని దగ్గర కథ అడ్డం తిరిగింది. 2024లో పెన్సిల్వేనియా సెనేట్ సీటు ఫలితం చాలా దగ్గరగా వచ్చింది. దాదాపు 70 లక్షల ఓట్లలో రిపబ్లికన్ డేవ్ మెక్‌కార్మిక్, డెమొక్రాట్ బాబ్ కేసీ మధ్య తేడా 15 వేల చిల్లర. లెక్కింపు చివరి దశలో మాంట్‌గొమరీ, బక్స్, ఫిలడెల్ఫియా బోర్డులు తేదీ లేని, తప్పు తేదీ ఉన్న ఓట్లను లెక్కించాలని నిర్ణయించాయి. కానీ రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ ఎన్నికకు అలాంటి ఓట్లు లెక్కించవద్దని అంతకుముందే చెప్పి ఉంది. నవంబర్ 18న కోర్టు ఈ మూడు బోర్డుల్నీ పేరు పెట్టి మరీ ఆదేశించింది: లెక్కించొద్దు. కోర్టు మాట వినని బోర్డులంటూ దేశమంతా విమర్శలు వచ్చాయి. ఆ విమర్శల్లో సగం రాజకీయమే, కానీ మిగతా సగంలో బలముంది. కోర్టు వద్దన్నదాన్ని బోర్డు చేస్తే, రేపు ఇంకో కౌంటీలో ఇంకో పార్టీ బోర్డు మొత్తం ఫలితాన్నే ధ్రువీకరించనంటే ఏ ముఖంతో తప్పుపట్టగలం?

మఖీజా వాదన పూర్తిగా గాలిమేడ కాదని తర్వాత తేలింది. 2025 ఆగస్టులో మూడో సర్క్యూట్ ఫెడరల్ అప్పీల్ కోర్టు, తేదీ తప్పుందన్న ఒక్క కారణంతో ఓటు పారేయడం అమెరికా రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పిచ్చింది. అలాగని 2024లో ఆయన చేసింది సరైనదని అనడం కష్టం. వాదన సరైనదే కావచ్చు, కానీ అది చెప్పాల్సిన చోటు కోర్టు. బోర్డు బల్ల మీద చెల్లేది ఆ రోజున్న చట్టమే. ఎన్నికల చట్టం పాఠాలు చెప్పిన మనిషికి ఈ తేడా తెలియదనుకోలేం. తెలిసి కూడా ఓటరు వైపే నిలబడ్డారంటే, మెచ్చుకునేవాళ్లు మెచ్చుకుంటారు, తప్పుపట్టేవాళ్లు తప్పుపడతారు. గోప్యత కవరు ఓటింగ్‌లో విండర్ ఆయనతో విడిపోవడాన్ని ఈ నేపథ్యంలోనే చూడాలి. వాళ్లిద్దరిదీ ఒకే పార్టీ, ఒకే టికెట్టు, ఒకే ప్రచారం. తేడా కుర్చీని ఎలా చూస్తారన్న దగ్గరే వచ్చింది.

ఓట్ల గొడవలు వార్తలకెక్కుతాయి గానీ, కౌంటీ జనానికి కమిషనర్ నేరుగా తగిలేది పన్ను బిల్లులో. పెన్సిల్వేనియా కౌంటీలకు సొంత ఆదాయమంటే దాదాపుగా ఆస్తి పన్నే. సేవల మీద ఖర్చుపెట్టే డబ్బులో చాలా భాగం రాష్ట్రం నుంచో, వాషింగ్టన్ నుంచో వచ్చి, కౌంటీ మీదుగా వెళ్తుంది. కోవిడ్ తర్వాత కేంద్ర సాయంగా మాంట్‌గొమరీకి సుమారు 16 కోట్ల డాలర్లు వచ్చాయి. అలాంటి డబ్బుతో మొదలైన పనులు, ఆ డబ్బు అయిపోయాక కూడా ఆగవు. 2025 బడ్జెట్‌కు కౌంటీ ఆస్తి పన్ను దాదాపు 9 శాతం పెంచడం వెనక ఈ గుంటా ఉంది. అదే ఏడాది రాష్ట్ర బడ్జెట్ జూన్ 30కి రావాల్సింది నవంబర్ 12 దాకా రాలేదు. ఆ నాలుగున్నర నెలలు పిల్లల సంరక్షణ, మానసిక ఆరోగ్య సేవల బిల్లులు ఎలా కట్టాలా అని కౌంటీలు తలపట్టుకున్నాయి. ఆ పెద్ద నిర్ణయాల్లో కమిషనర్ ఓటుకు చోటు లేదు. వాటి దెబ్బ మాత్రం ఆయన ఆఫీసుకే తగులుతుంది.

ఇళ్లు లేనివాళ్ల సమస్య దగ్గరా ఇదే జరిగింది. నోరిస్‌టౌన్‌లో రాష్ట్ర మానసిక ఆసుపత్రి ప్రాంగణంలో ఒంటరి పెద్దల కోసం ఉన్న 50 పడకల ఆశ్రయ కేంద్రం 2022లో మూతపడింది. రాష్ట్రంలోనే సంపన్న కౌంటీల్లో ఒకటైన చోట, ఒంటరిగా రోడ్డున పడ్డ మనిషికి ఏడాది పొడవునా తలదాచుకునే చోటు లేకుండా పోయింది. కొత్త బోర్డు దీన్ని ముందు వరుసలో పెట్టుకుంది. డబ్బు కేటాయించడం కమిషనర్ల చేతిలో ఉంది. స్థలానికి అనుమతి ఇవ్వడం టౌన్‌షిప్ జోనింగ్ బోర్డు చేతిలో ఉంది. ఆశ్రయం కావాలని అందరూ అంటారు, మా వీధిలో మాత్రం వద్దంటారు. హైదరాబాద్‌లో చెత్త డంపింగ్ యార్డు ఎక్కడ పెట్టాలన్న గొడవ చూసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

రవాణా విషయంలో కౌంటీ గొంతు ఇంకా చిన్నది. సెప్టా బోర్డులో 15 మంది సభ్యులుంటే మాంట్‌గొమరీకి దక్కేది రెండు సీట్లు. కింగ్ ఆఫ్ ప్రష్యాకు రైలు వేయాలన్న పాత కల ఖర్చు తడిసిమోపెడయి 2023లో రద్దయింది. 2025 ఆగస్టులో సెప్టా బస్సులు తగ్గించినప్పుడు, కోర్టు జోక్యంతో, రాష్ట్రం నిర్మాణ నిధుల్ని నడపడానికి వాడుకోనివ్వడంతో సర్వీసులు మళ్లీ తిరిగాయి. ఇలాంటి సందర్భాల్లో కమిషనర్లు చేయగలిగేది రాష్ట్ర రాజధాని హ్యారిస్‌బర్గ్ వైపు చూసి గట్టిగా అడగడమే.

అక్కడి తెలుగు కుటుంబాల సంగతికి వస్తే, చాలామందికి ఇంకా పౌరసత్వం రాలేదు, గ్రీన్‌కార్డు వరుసలోనే ఏళ్లు గడుస్తున్నాయి. ఓటు లేదు, పన్ను మాత్రం ఉంది. పౌరసత్వం వచ్చినవాళ్లలోనూ చాలామంది అధ్యక్ష ఎన్నికకు ఓటేసి, కౌంటీ ఎన్నికలు జరిగే బేసి సంవత్సరాల్లో ఇంట్లో ఉండిపోతారు. 2023 జూలైలో ఫిలడెల్ఫియాలో తానా మహాసభలకు దేశం నలుమూలల నుంచీ తెలుగువాళ్లు వచ్చారు. ఆ ఏడాదే నాలుగు నెలల తర్వాత, నగరానికి అరగంట దూరంలో ఒక భారతీయ అమెరికన్ పేరు కౌంటీ బ్యాలెట్ మీద ఉంది. మన సంఘాల వేదికల మీద సెనేటర్లకు, గవర్నర్లకు శాలువాలు కప్పడంలో ఉన్న ఉత్సాహం, ఆస్తి విలువ కట్టే బోర్డు మీదా, ఓటు చెల్లుతుందో లేదో చెప్పే బోర్డు మీదా కనిపించదు.

ఈ ముగ్గురి పదవీకాలం 2027 చివరి దాకా ఉంది. కుర్చీలకు మళ్లీ ఎన్నిక 2027 నవంబర్‌లో. కమిషనర్ తానే అభ్యర్థి అయిన ఎన్నికలో ఎన్నికల బోర్డులో కూర్చోకూడదని రాష్ట్ర చట్టం చెబుతుంది. ఆయన స్థానంలో కౌంటీ కోర్టు ప్రధాన జడ్జి వేరే వాళ్లను నియమిస్తారు. మఖీజా మళ్లీ పోటీ చేస్తే, ఆ ఏడాది ఏ కవరు చెల్లుతుందో, ఏది చెల్లదో తేల్చేది వాళ్లే.